కొలత కాగితాలు

పెరియమేటులో తోలు కొనుక్కొచ్చి
పెద్దాసుపత్రి పదిహేడో నంబరు గది పక్కన
మెట్ల కింద కూచుని చెప్పులు కుడతాను.
షోకు చెప్పులు కాదు.
చక్కెర జబ్బు పాదాలకి, మెత్తటి నల్ల రబ్బరు వేసి,
మేకు ఒక్కటీ కొట్టకుండా.

ముందు కాగితం పరుస్తాను.
"కాలు పెట్టండి, బరువంతా మోపండి" అంటాను.
పెన్సిలు మడమ దగ్గర మొదలై
చిటికెనవేలు చుట్టి, బొటనవేలు చుట్టి
మళ్ళీ మడమకొస్తుంది.
కొందరికి చక్కిలిగింత పుట్టి కాలు లాక్కుంటారు.
వాళ్ళని చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.
పుట్టనివాళ్ళ కాగితం మూల
చిన్న చుక్క పెడతాను.
డాక్టరమ్మ చెప్పింది కాదు, ఆ చుక్క నాదే.

ఈ మెట్ల కింద నొప్పే అయినవాళ్ళ లెక్క.
ఏడుస్తూ వచ్చినవాడు ఇంటికి నడిచెళ్తాడు.
నవ్వుతూ వచ్చాడే, వాడి సంగతే భయం.
ఒకడి పాత చెప్పులో అంగుళం మేకు.
వారంగా దాన్నే తొక్కుతూ
మార్కెట్టుకీ గుడికీ తిరిగాడు.

ఎతిరాజులు గారు బస్సు కండక్టరు.
ముప్పయ్యేళ్ళు నిలబడి చేసిన ఉద్యోగం.
మొదటి కాగితంలో అయిదు వేళ్ళు.
చుక్క పెట్టాను.
"నొప్పి లేదబ్బా, నొప్పుంటే కదా జబ్బు" అన్నాడు.
ఆ యేడు కత్తిరి ఎండల్లో
డిపో ముందర చెప్పు తెగితే
కాగే తారు మీద పదడుగులు నడిచాడు.
పదే.
కాలిందని కాలు చెప్పలేదు.
రాత్రి దుప్పటికంటిన తడి చూసి
భార్య చెప్పింది.

రెండో కాగితంలో నాలుగు వేళ్ళు.
మూడోది అరపాదం,
పెన్సిలు తొందరగా ఇల్లు చేరిపోయింది.
నాలుగోసారి చంకలో కర్రతో వచ్చి
"ఎడమదొక్కటే కుట్టు, సగం డబ్బు తీసుకో" అన్నాడు.
నవ్వాలో వద్దో తెలీక
దారానికి మైనం రాస్తూ ఉండిపోయాను.

కన్నియమ్మకి కుడిదొక్కటే.
బేసిన్ బ్రిడ్జి కింద ఇడ్లీ బండి.
కళ్ళల్లో సాలీడు గూళ్ళు తేలుతున్నాయట,
చిల్లర గోటితో గీరి గుర్తుపడుతుంది.
వారానికి రెండ్రోజులు పై అంతస్తులో
రక్తం కడిగించుకుంటుంది, ఆ రోజుల్లో
బండి మనవరాలు తోస్తుంది, బడి మానేసి.
"కాలికి ఏడవలేదు తమ్ముడా,
ఆవిరొచ్చిందో లేదో కనబడటం లేదు,
రెండు వాయిలు పచ్చిగానే దించేశాను"
అని దానికి ఏడ్చింది.

ఆయనకీ ఆమెకీ సైజొకటే, ఏడు.
ఒకే తోలులో జత కత్తిరించాను.
ఎడమది పెరంబూరు వెళ్ళింది, కుడిది బ్రిడ్జి కిందకి.
ఏ గుమ్మం ముందరా
ఆ జత పక్కపక్కన నిలబడలేదు.

జీనత్ టీచరు కాగితం మీదా చుక్కే.
కానీ రోజూ పడుకోబోయే ముందు
అరికాలి కింద చేతి అద్దం పెట్టి
పరీక్ష పేపరు దిద్దినట్టు చూసుకుంటుంది.
మూణ్ణెల్లకోసారి రక్తం, ఏడాదికోసారి కళ్ళు.
పన్నెండేళ్ళ కాగితాలు ఒకదానిమీదొకటి పేర్చి
వెలుగుకి పట్టుకున్నానొకసారి.
ఒక్కటే గీత.
ఆమె బుద్ధిమంతురాలనీ
వీళ్ళు కారనీ చెప్పబోయాను మా ఇంటిదానికి.
"ఆమెకి కుర్చీ ఉంది" అంది అది,
బియ్యంలో రాళ్ళేరుతూ.

నిన్న సాయంత్రం, సామాను సర్దాక,
వట్టి కాగితం మీద నా కాలు పెట్టి
"గియ్యి" అన్నాను మేనల్లుడు డిల్లిబాబుతో.
వాడు నేర్చుకుంటున్నాడు, చెయ్యింకా వణుకు.
మడమ, చిటికెనవేలు, బొటనవేలు, మడమ.
"చక్కిలిగింత పుట్టిందా మామా?"

పైన ఫ్యాను తిరుగుతోంది.
కాగితం అంచు లేచి లేచి పడుతోంది.

"ఇంకోసారి గియ్యి" అన్నాను.
"కాస్త గట్టిగా."